వేసవి బూడిద

ఎండాకాలమైనా ఆ వీధిలో బాయిలర్లు ఆర్పరు. ఇల్లు వెచ్చబెట్టే పని లేకపోయినా గిన్నెలకీ స్నానాలకీ వేడినీళ్లు కావాలి కదా. రోజుకి ఒక బకెట్ బొగ్గు సరిపోతుంది. పొద్దున్నే కింది గదిలోకి దిగాలి, కడ్డీలు కదిపి బూడిద రాల్చాలి, బొగ్గు పోయాలి, వారానికోసారి నిండిన బూడిద డబ్బా తెచ్చి గుమ్మం ముందు పెట్టాలి. పెన్సిల్వేనియా కొండల్లో ఆ ఊరి ఆడవాళ్లకి అది మొహం కడుక్కోవడం లాంటిది.

ఆల్డోనా గుమ్మం ముందు మాత్రం మూడు డబ్బాలుండేవి.

ఇంట్లో దెబ్బ పడితే బాయిలర్‌కి ఆకలేస్తుంది. చెంపదెబ్బకి పారెడు బొగ్గు, బెల్టుకి సగం బకెట్. ఏ ఇంట్లోనైనా అంతే. డబ్బాలు చూసి వీధంతా తెలుసుకునేది. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

"మూడా?" అంది పక్కింటి ఓల్గా పిన్ని, చీపురు ఆపి.

"ఊఁ."

"నాకు వారానికి ఒకటి నిండదే. మా ఆయన పోయాక మా దానికి ఆకలే చచ్చింది." పిన్ని నవ్వింది. నవ్వితే పెదవి మళ్లీ చిట్లుతుందని ఆల్డోనా నవ్వలేదు.

"బాబాయి ఎలా పోయాడు పిన్నీ?"

"ఆ వారం బొగ్గు లారీ రాలేదు. ఆయన చెయ్యి మాత్రం ఊరుకోలేదు." పిన్ని మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. "బొగ్గు లేకపోతే అది కొట్టినవాణ్ణే తింటుందమ్మా."

బ్రూనో ఏనాడూ కింది గదిలోకి దిగినవాడు కాదు. బొగ్గు ఎక్కువ కాలుతోందని మాత్రం తెలుసు. "ఏమే, ఊరందరికీ నువ్వే స్నానాలు చేయిస్తున్నావా?" అని భార్యని కొట్టేవాడు. కింద బాయిలర్ గుర్రుమనేది. ఆల్డోనా ముక్కు తుడుచుకుని, వెళ్లి బొగ్గు పోసి వచ్చేది. పెళ్లైన నాటి నుంచీ పోస్తూనే ఉంది.

ఆ శనివారం కూతురు రీటా తలస్నానం చేస్తోంది. బ్రూనో తలుపు తన్ని తెరిచాడు. తువ్వాలు చుట్టుకున్న పిల్లని తడి జుట్టు పట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకొచ్చాడు.

"వేడినీళ్లు నీ అబ్బ సొమ్మా?"

"నా అబ్బ సొమ్మే," అంది రీటా.

పిల్ల మొహాన్ని సింకు అంచుకేసి కొట్టాడు. ఒక పన్ను నేల మీద పడి దొర్లింది. పిల్ల మీద అతను చెయ్యి వెయ్యడం అదే మొదలు. కింద బాయిలర్ ఉన్న బొగ్గంతా ఒక్క గుక్కలో మింగి, ఇంకా కావాలని గర్జించింది. అల్మరాలో కప్పులు అదిరాయి.

నిండు బకెట్ కింది గది మెట్ల దగ్గరే ఉంది. ఆల్డోనా లేచి వెళ్లి దాన్ని అందుకుంది. ఆ పన్ను చూసింది. బకెట్‌ని మోకాళ్ల మధ్య పెట్టుకుని పై మెట్టు మీద కూర్చుంది.

బ్రూనో మళ్లీ చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. వేళ్ల కొసలు తెల్లబడ్డాయి. గోళ్లు రాలాయి. మణికట్టు దాకా, మోచేతి దాకా, తర్వాత భుజం దాకా చప్పుడు లేకుండా బూడిదై జారింది.

"బొగ్గు పొయ్యవే!" అని అరిచాడు.

"పోస్తా. ముందు దాని జుట్టు వదులు."

అతను వదల్లేదు. పళ్లు బిగించి ఇంకా మెలిపెట్టాడు. పిల్ల కేక పెట్టింది. ఆల్డోనా బకెట్‌ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. అతని రెండో చెయ్యి కూడా పోయింది.

అప్పుడు లేచి, కిందికి వెళ్లి, బకెట్ పోసింది.

"ఒక్క డబ్బాయేనా?" అంది ఆ వారం పిన్ని.

"ఊఁ."

బ్రూనో ఇప్పుడు కుర్చీలోంచి తిడతాడు. తిట్లకి బాయిలర్ ఉలకదు. ఆల్డోనా సూప్ చెంచాతో తీసి, ఊది, అతని నోటికి అందిస్తుంది.

వంటింట్లో ఊడ్చిన బూడిదని ఆమె గుమ్మం ముందు పెట్టలేదు. రేకు డబ్బాలో విడిగా దాచింది. చలికాలం గుమ్మం మెట్లు మంచుతో గడ్డకట్టిన పొద్దున పై మెట్టు నుంచి కింది దాకా చల్లింది. రీటా పుస్తకాలు పట్టుకుని, దాని మీద అడుగులేస్తూ, జారకుండా దిగి బడికి వెళ్లింది.