పన్నెండు అడుగుల దారి

సర్పంచిగా ఉన్న ఐదేండ్లలో పుల్లయ్య నాలుగేండ్లు ఒక్క రోడ్డు కోసమే తిరిగాడు. ఊరి పొలాలు అయిపోయి నల్లమల మొదలయ్యే చోటు నుంచి లోపలికి రెండు కిలోమీటర్లు పోతే ముప్పై ఇండ్ల చెంచుగూడెం ఉంది. అక్కడికి ఉన్నదల్లా కాలిబాట. వానాకాలంలో అదీ ఉండదు. మొదట కర్నూలుకు, జిల్లా విడిపోయాక నంద్యాలకు తిరిగాడు. మధ్యలో ఆత్మకూరుకు ఎన్నిసార్లు పోయాడో లెక్కలేదు. ఆఫీసు వరండాల్లో బల్లల మీద కూర్చుని కూర్చుని నడుమునొప్పి పట్టుకుంది. మిరపచేను కౌలుకిచ్చేశాడు. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ ఇంట్లో ఆ రోడ్డు మాట ఎత్తడమే మానేసింది.

ఆయన్ని ఈ పనిలోకి దింపింది రమణి కష్టం. రమణి గూడెం పెద్ద ఓబుళేశుకు చిన్నకోడలు. పుల్లయ్య గెలిచిన ఏడాది వానల్లో ఆమెకు నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి. మంచానికి కర్రలు కట్టి మోసుకొస్తుంటే, కబురు విని ఎదురెళ్లిన పుల్లయ్య కూడా ఒక కర్ర భుజాన వేసుకున్నాడు. దారిలో వాగు దాటకముందే బిడ్డ పుట్టింది, ఏడవలేదు.

చివరికి రోడ్డు మంజూరైంది. రోడ్డుకు పోయే అడవి నేల రెండున్నర ఎకరాలు మించకపోతే అనుమతి జిల్లాలోనే వస్తుంది. మించితే ఫైలు పైకి పోవాలి. అందుకే ఇంజనీరు శిల్ప పదిహేను అడుగుల వెడల్పుతో నేరుగా గీత గీసింది. ఇక కావలసింది గూడెం గ్రామసభ ఒప్పుకోలు ఒక్కటే. అదో సంతకాల పని అనుకుని పుల్లయ్య ఆమెను వెంటబెట్టుకుని గూడేనికి నడిచాడు.

శిల్ప బడి వరండాలో పటం పరిచింది. ఓబుళేశు దాన్ని చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"కాయితం మీద నాకు తెలీదమ్మా. నడిచి చూపీండి."

అందరూ నడిచారు. అర కిలోమీటరు పోయాక ఓబుళేశు ఆగిపోయాడు. ఎదురుగా తెల్లటి మానులతో తపసిచెట్ల తోపు. గూడెం వాళ్లు వాటికి గాట్లు పెట్టి బంక తీసి అమ్ముకుంటారు.

"గీత దీంట్లోనే పోతాదా?"

"పద్నాలుగు చెట్లు పోతాయి," అంది శిల్ప.

"ఏ చెట్టు ఏ ఇంటిదో లెక్క ఉండాదమ్మా. మా తాతల కాడ్నుంచి అట్లే వస్తాండాది. దారి పక్కకు తిప్పండి."

"తిప్పితే ఇంకో అర కిలోమీటరు పెరుగుతుంది. హద్దు దాటిపోతాం. ఫైలు మళ్లీ మొదటికి వస్తుంది."

పుల్లయ్య అక్కడే ఒక బండ మీద కూర్చున్నాడు.

"నా పదవి ఇంగ ఎనిమిది నెల్లు ఉండాది ఓబుళేసూ. మళ్లా రెండేండ్లు తిరగాలంటే నాతో కాదప్పా."

"నువ్వు తిరిగింది మాకు తెల్సు అన్నా. అబద్ధం చెప్పకూడదు, శానా తిరిగినావు. అయితే గీత గీసేముందు ఒకసారి మమ్మల్ని అడిగింటే బాగుండు."

పుల్లయ్య నాలుగేండ్లలో గూడేనికి ఎన్నోసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ఫైలు ఎక్కడుందో చెప్పి పోయాడు. ఏమీ అడగలేదు.

వెనక ఆడవాళ్లలో నిలబడిన రమణి ముందుకొచ్చింది.

"దారి కావల్ల మామా. ఇంకో ఆడదాన్ని మంచమ్మీద మోసేది నేను చూడలేను. మా ఇంటి చెట్లు మూడుండాయి, కొట్టేయమను. తక్కినోళ్లయి అడిగేదానికి మాత్రం నాకు నోరు రాదు."

శిల్ప ఫోను తీసి ఏవో గుణించుకుంది. మళ్లీ గుణించింది.

"వెడల్పు పన్నెండడుగులకు తగ్గిస్తే తోపు చుట్టూ తిప్పినా హద్దులోనే ఉంటాం. అంబులెన్సు, ఆటోలు వస్తాయి. బస్సు మాత్రం ఆ మలుపుల్లో తిరగదు పుల్లయ్యగారూ."

బస్సు మాట ఇచ్చింది పుల్లయ్యే. గూడెం పిల్లలు హాస్టల్లో ఉండే పని లేకుండా ఇంటి నుంచే ఆత్మకూరు బడికి పోయి రావచ్చని, ఓట్లప్పుడు గూడెం బడి వరండాలో నిలబడి చెప్పాడు. ఇప్పుడు ఆ మాట తనే వెనక్కి తీసుకోవాలి. బండ మీద నుంచి లేవడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది.

"బస్సు రాదు," అన్నాడు అందరికీ వినబడేట్టు. "నేను చెప్పిన మాట తప్పినట్టే. మీకు సమ్మతమైతే సంతకాలు పెట్టండి. కాదంటే ఈ గీత ఇడ్సిపెడదాం."

సంతకాలకూ వేలిముద్రలకూ సాయంత్రందాకా పట్టింది. ఆఖరున రమణి పెట్టింది.

రోడ్డు పడింది. పుల్లయ్య పదవి అయిపోయిన రెండు నెలలకు మొదటి పెద్దవాన కురిసింది. మర్నాడు ఓబుళేశు పుల్లయ్య ఇంటికి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. వాగు కాడ రోడ్డు ఒక పక్క కోసుకుపోయిందని, గూడెం వాళ్లంతా రాళ్లు పేరుస్తున్నారని చెప్పాడు.

"నీళ్లు రోడ్డు కింద పోయేట్టు ఆడ మోరీ కట్టల్లన్నా. లేకుంటే వచ్చే వానకు నిలవదు."

"నేనిప్పుడు సర్పంచిని కాదు కదప్పా. కొత్తాయన్ను అడుగు."

"అడుగుతా. ఆయనకు ఏ ఆఫీసు యాడుండాదో ఇంగా తెలీదు. నువ్వు జతకు రా."

లోపల లక్ష్మీదేవమ్మ చేతిలో గిన్నె చప్పుడు ఆగింది. పుల్లయ్య నడుము మీద చెయ్యి వేసుకుని లేచాడు. కండువా అందుకున్నాడు.

"ముందు వాగు కాడికి పోదాం పా. మోరీ యాడ కట్టల్లో మీరే చూపీండి. ఆఫీసు మాట తర్వాత చూద్దాం."