కళ్ల కింద పౌడరు

ఆ టీవీ స్టూడియోలో మేకప్ చేసే ఆమెను తనకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు. అరవై దాటింది. పొద్దున్న ఆరింటికి నిలబడితే మధ్యాహ్నం రెండింటిదాకా నడుము వాల్చే యోగం లేదు. మోకాళ్లు ఆమె మాట వినడం మానేసి చాలాకాలమైంది. మానేస్తే మానేశాయి, వాటిని బతిమాలే ఓపిక కూడా ఆమెకు లేదు.

ఆ రోజు ఆమె ముందు కూర్చున్నది వార్తలమ్మ. ఇరవై రెండేళ్లుగా పదకొండు గంటల వార్తలు చదువుతోంది కనుక ఆ పేరు పడింది, అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. యాభై ఆరేళ్లు. స్టూడియోకి కొత్త కెమెరాలు వచ్చాయి, వాటి వెనకే కొత్త డైరెక్టరూ వచ్చాడు. ఆ కెమెరాలు ముఖం మీద చీమ నడిచిన జాడ కూడా పట్టిస్తాయట. పది గంటలకు వాటి ముందు వార్తలమ్మకు పరీక్ష. ముఖం నిలిస్తే చదువుతుంది, నిలవకపోతే వెనక గదిలో కూర్చుని వేరేవాళ్లు చదవడానికి రాసిపెడుతుంది. ఆ మాట అతను మర్యాదగానే చెప్పాడు. మర్యాదగా తీసినంత మాత్రాన కత్తికి పదును తగ్గదు కదా.

అక్క తన అలవాటు ప్రకారమే చేసింది. రంగు దట్టంగా పట్టించి, పైన పౌడరు అద్దింది. పరీక్ష కదా అని కళ్ల కింద ఇంకో రెండు సార్లు ఎక్కువే అద్దింది. పని అవుతూనే ఎవరో వచ్చి, టైమైపోతోందంటూ వార్తలమ్మను కుర్చీలోంచి లేపి నేరుగా కెమెరా ముందుకు తీసుకుపోయారు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. తెరమీద ఆ పౌడరంతా ముడతల్లోకి దిగి, పాత గోడకు కొట్టిన సున్నంలా పెచ్చులుగా కనిపించింది. పై పెదవి గీతల్లోకి లిప్‌స్టిక్ పాకింది. డైరెక్టరు, అరగంట ఇస్తాననీ, ఇంకొక్కసారి చూద్దామనీ, అదే ఆఖరుసారనీ అన్నాడు.

గదిలోకి రాగానే వార్తలమ్మ తలుపు వేసింది.

"అక్కా, నీ కళ్లజోడు తీసి పెట్టుకో."

అక్క తన సంచిని కాలితో కుర్చీ కిందికి తోసింది. కళ్లజోడు సంచిలో ఉన్న మాట నిజమే. ఇంట్లో బియ్యం ఏరడానికి తప్ప అది బయటికి రాదు. మేకప్ చేసే మనిషికి దగ్గరి చూపు తగ్గిందంటే వంటవాడికి నాలుక చచ్చిందన్నట్టే, మర్నాడు ఎవరు పిలుస్తారు? అందుకే ఇన్నాళ్లూ చూపుతో కాక వేళ్లతో నెట్టుకొస్తోంది. ఏ కళ్లజోడు అని బుకాయించబోయింది.

"రెండేళ్ల నుంచి చూస్తున్నాను. నువ్వు అద్దింది బాత్రూములోకి వెళ్లి సగం తుడిచేసుకుని, తడి చేత్తో సర్దుకుని కూర్చుంటున్నాను. ఇవాళ ఆ టైమివ్వలేదు" అంది వార్తలమ్మ.

అక్కకు ముందు కోపం వచ్చింది. అన్నాళ్లు కడుపులో పెట్టుకునే బదులు ఒక్క మాట అంటే నీ నోట్లోంచి ముత్యాలు రాలిపోయేవా అని నిలదీసింది. చెబితే ఆ నోటా ఈ నోటా పాకి నిన్ను ఇంటికి పంపేస్తారని ఊరుకున్నానంది వార్తలమ్మ. అక్క వంగి సంచి అందుకుంది. కళ్లజోడు తీసి పెట్టుకుంది.

రెండేళ్లలో ఆ ముఖాన్ని సరిగ్గా చూడటం అదే మొదలు. కంటి రెప్పలు కొంచెం వాలాయి, కణతల దగ్గర గోధుమరంగు మచ్చలు లేచాయి, చర్మం పొడిబారింది. ఇదంతా ఎప్పుడు జరిగిందో తనకు తెలియదు. వయసు ఆ ముఖానికి చేసిన అన్యాయం కొంచెమే, తన చెయ్యి చేసింది ఎక్కువ. అక్క సిగ్గుతో చచ్చిపోయింది.

అంతా తుడిచేసింది. తడి ఆరకముందే క్రీము రాసి, అది ఇంకేదాకా, గడియారం తరుముతున్నా సరే, చేతులు కట్టుకుని నిలబడింది. రంగును ఈసారి తడిపి పిండిన స్పాంజితో పల్చగా, రుద్దకుండా ఒత్తింది. మచ్చల మీద మాత్రమే ఇంకో చుక్క వేసింది. బుగ్గలకు పొడి వద్దనుకుని క్రీములా ఉండే ఎర్ర రంగే తీసి, కాస్త పైకి పెట్టింది. పెదవికి పెన్సిలుతో గట్టు కట్టాకే రంగు వేసింది. పౌడరు ముక్కు మీదా, నుదుటి మీదా తగిలీ తగలనట్టు వేసి, కళ్ల కిందకి వచ్చేసరికి అలవాటుగా లేచిన చేతిని వెనక్కి లాక్కుంది.

రెండోసారి తెరమీద కనిపించింది యాభై ఆరేళ్ల మనిషే. కాని చెప్పింది నమ్మాలనిపించే ముఖం. డైరెక్టరు వెంటనే ఒప్పేసుకున్నాడు. ఒప్పుకుని ఊరుకోక, ఇందాక ఎందుకలా అయిందని అడిగాడు. రాత్రి నిద్ర లేదనీ, తన ముఖం ఒక్కోరోజు అలా మొరాయిస్తుందనీ వార్తలమ్మ ఏదో సర్దబోయింది.

అక్క నోరు మూసుకుంటే సరిపోయేది. కాని తప్పు ముఖం మీద పడితే ఆ ముఖానికి నెలనెలా పరీక్ష పెడతారు.

"ఆవిడ ముఖానికేం కాలేదు బాబూ. నాకే దగ్గరి చూపు ఆనడం లేదు. రెండేళ్లయింది."

అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది అక్కకు. సోమవారం నుంచి ఇంకో అమ్మాయి వస్తుందనీ, ఆ అమ్మాయికి చెయ్యి కుదిరేదాకా పక్కనుండి చెప్పమనీ అన్నాడు. ఆ తర్వాత సంగతి అతనూ చెప్పలేదు, అక్కా అడగలేదు.

గదిలోకి వచ్చాక వార్తలమ్మ విరుచుకుపడింది. "నేను సర్దుతున్నాను కదా, నిన్నెవరు నోరు విప్పమన్నారు?"

అక్క బ్రష్షులు తుడుస్తూ, "ఇరవై రెండేళ్లు నీ వయసు దాచాను. నా వయసు కూడా నీ ముఖం మీదే మొయ్యమంటే ఎలా తల్లీ?" అంది.

వార్తలమ్మకు కళ్లు నిండాయి. వార్తలకు ఇంకా పది నిమిషాలే ఉన్నాయి.

"ఏడవకు. మళ్లీ మొదటి నుంచి చేసే ఓపిక నాకు లేదు" అంది అక్క.