డొల్ల కుప్ప

అర్జీ కాగితంలో రెండు గళ్ళున్నాయి. ఒకదాని పక్కన సివిల్ అని, రెండోదాని పక్కన మెకానికల్ అని అచ్చు వేసి ఉంది. ఒక గడిలో గీత గీసి ఆ మధ్యాహ్నం టపాకు మద్రాసు ఇంజనీరింగు పాఠశాలకు పంపాలి. వారం నుంచి దాన్ని పుస్తకంలో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇక గడువు లేదు.

మా నాయన చౌడప్ప మగ్గం గుంతలో నడుము దాకా దిగి నేస్తూనే మాట్లాడాడు.

"మిసన్ల చదువు చదివి యాడికి పోతావు? మిల్లుకే గదా. మిల్లు గుడ్డ వచ్చినాకనే ఈ వీధిలో సగం మగ్గాలు పడిపోయినాయి. నా కొడుకే పోయి దానికి నూనె పోసేదా? ఆ ఇంగోటి రాయి. రోడ్లు, చెరువులు. వాటితో మనకేం చెరుపు లేదు."

పక్క మగ్గం మీద తిమ్మయ్య నవ్వాడు. "అదే రాయప్పా రామలింగా. మీ నాయన గుంతలో దిగేదానికి మెట్లన్నా కట్టిస్తావు."

"ముందు నీ నోటికి కట్ట కట్టిస్తాడులే," అన్నాడు నాయన.

అమ్మ పెరట్లో నూలుకు గంజి కాస్తోంది. తల ఎత్తకుండానే అంది: "రాళ్ల పని వద్దప్పా. ఇంగేమన్నా రాసుకో."

అంతకుమించి ఆమె ఏమీ చెప్పలేదు. చెప్పవలసింది ఆమె చేతుల్లోనే ఉంది. పదేళ్ల కిందటి కరువులో మగ్గాలు ఆగిపోయి, మా వీధి వీధంతా ఆలూరు దోవలో సర్కారు పెట్టిన కరువు పనికి పోయి కంకర కొట్టింది. అమ్మ అరిచేతులు అప్పుడు పగిలి, కాయలు కాచి, మళ్ళీ మెత్తబడలేదు. సన్న నూలు ఆమె వేళ్ళకు తగులుకుని తెగిపోతుంది. వీధిలో అందరికంటే బాగా నూలు కండెలు చుట్టిన మా అమ్మ బసమ్మ ఇప్పుడు గంజి మాత్రమే కాస్తుంది. నా చొక్కాను కూడా ముట్టుకోదు, పోగులు లేస్తాయని.

బడికి నడుస్తూ నేను ఆ కరువు రోజుల్నే తలచుకున్నాను. నిజానికి ఒక్క రోజునే.

కొట్టిన కంకరను సాయంత్రానికి కుప్ప పోయాలి. ఓవర్సీరు వచ్చి కొలిస్తేనే కూలి. ఆ రోజు అమ్మకు ఒంట్లో బాగాలేక, అడుగున నాలుగు పెద్ద రాళ్ళు గూడులాగా నిలబెట్టి, వాటిమీద చిన్న కంకర పేర్చింది. చూడ్డానికి నిండు కుప్పే. నాకు ఎనిమిదేళ్ళు. అంత నేర్పుగా ఎవరూ కట్టలేరనిపించింది. ఓవర్సీరు కొలిచాడు, సరే అన్నాడు, పక్క కుప్పకు తిరిగాడు. అప్పుడు నేను ఆయన కోటు పట్టుకుని చెప్పాను: "దాంట్లో డొల్ల ఉండాది సార్. మాయమ్మే కట్టింది."

ఆయన కర్రతో పొడిచాడు. కుప్ప కూలింది. అమ్మను మూడు రోజులు పనిలోంచి తీసేశారు. ఆ వారంలోనే పాలు తాగే మా చెల్లెలు గంగ పోయింది. కరువులో పిల్లలు ఊరికే కూడా పోయేవాళ్ళు. ఈ వాక్యాన్ని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

కానీ ఆ రోజు తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది అమ్మ ముఖం కాదు, చెల్లెలు కాదు. ఓవర్సీరు నన్ను దగ్గరికి లాక్కుని, "తెలివైనోడు" అంటూ తన నల్ల గొడుగు కింద నిలబెట్టుకున్నాడు. ఆ గొడుగు నీడ. ఒంటిమీద ఆ చల్లదనం ఇంకా ఉంది.

మా జ్ఞానమణి మాస్టారు కాగితం చూసి, "మెకానికల్ రాయి," అన్నారు. "రాబోయే కాలం యంత్రాలది. నీ చెయ్యి కూడా దానికి పనికొస్తుంది. బడి గడియారం బాగుచేసినవాడివి నువ్వే గదా. సివిల్ ఎందుకు?"

నేను కరువు కథ చెప్పాను. ఓవర్సీరు డొల్లను తానే కనిపెట్టినట్టు చెప్పాను. "న్యాయంగా కొలిచేవాడు ఒకడుండాలి సార్," అన్నాను.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెబుతున్నంతసేపు నా మాటను నేనూ నమ్మాను. గీత గీస్తున్నప్పుడు మాత్రం, చెయ్యిని నడిపిస్తున్నది న్యాయమా నీడా అన్న సందేహం వచ్చింది. చెయ్యి ఆగలేదు. సివిల్ గడిలో గీత సూటిగా పడింది.

"టపా రెండు గంటలకు. మనసు మారితే ఆలోపల రా," అన్నారు మాస్టారు కాగితం తీసుకుని.

ఇంటికొచ్చేసరికి అమ్మ గంజి పెట్టిన నూలును కర్రల మీద ఆరవేస్తోంది.

"ఏది రాసినావు?"

"సివిల్."

ఆమె పని ఆపలేదు. ఆరవేస్తూనే అడిగింది: "డొల్ల కుప్ప కనబడితే ఏం జేస్తావు?"

"చూడనట్ల పోతా."

అమ్మ నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది.

"నువ్వు పోలేవులేప్పా. నీ కండ్లు మంచివి. ఎనిమిదేండ్లకే కనబడె."

ఆమె ఇంకొంత నూలు తీసి కర్ర మీద వేసింది.

"ఆ పొద్దు నేను నీ యెనకాలనే ఉంటి. తట్ట పట్టుకోని."

"చిన్నోన్ని గదమ్మా."

"చిన్నోనివే. అందుకే మీ నాయనకు గూడా చెప్పలేదు." నూలు ఒకచోట ఆమె వేలికి తగులుకుని తెగింది. ఆమె ఆ కొసను చూస్తూ ఉండిపోయింది. "పెద్దోనివైనాక ఏం జేస్తావో చూద్దామనుకుంటి."

చెయ్యి ఎత్తి నా భుజం దాకా తెచ్చింది. చొక్కా దగ్గర ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది. తెగిన పోగును ముడి వేయమని నాయనను కేకేసింది.

బడి గంట ఒంటిగంట కొట్టింది. బడికి పది నిమిషాల నడక. ఎండ తెల్లగా కాస్తోంది, వీధిలో మనిషి లేడు. నేను చూరు కింద, నీడలో నిలబడి ఉన్నాను. పోయి ఆ గీత మార్చాలనుకున్నాను. ఆ మాట ఎన్నోసార్లు అనుకున్నాను. లోపల మగ్గం ఆడుతూనే ఉంది.

గంట రెండు కొట్టినప్పుడు కూడా నేను అక్కడే ఉన్నాను.