కొసరు

లొట్టి కడగడం ఎవరికైనా వచ్చనుకుంటారు గాని, రాదు. కల్లు కుండని మామూలు కుండలా పీచుతో తోమి బోర్లిస్తే అడుగున నిన్నటి పులుపు మిగిలిపోయి రేపటి కల్లుని చెడగొడుతుంది. చెయ్యి మోచేతి దాకా లోపలికి పోనిచ్చి, వేళ్లతో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకోవాలి. చిన్నమ్మలు పదకొండేళ్లుగా గన్నవరం కాలవ రేవులో అదే పని చేస్తోంది. చేసీ చేసీ, వాసన చూసి చెట్టు చెప్పగలదు. ఇది గట్టువార చెట్టుది, ఇది చవిటినేల చెట్టుది, ఇది మొన్న చీమలు పట్టిన చెట్టుది అని. ఆ సంగతి ఆమెకీ కుండలకీ తప్ప మూడో మనిషికి తెలీదు.

లోకానికి తెలిసింది ఆమె మొగుడు మాణిక్యాలరావు నాలిక సంగతి. ఆయన ఆ చుట్టుపక్కల ఏడు కొబ్బరితోటల కల్లు వేలంపాటలో పాడుకున్నవాడు. చుక్క నాలిక మీద వేస్తే చాలు, చెట్టు వయసు చెబుతాడు, చెట్టెక్కినవాడి పేరు చెబుతాడు, వాడు పెళ్లాంతో దెబ్బలాడి ఎక్కాడో లేదో కూడా చెబుతాడని ముక్తేశ్వరం రేవు దాకా చెప్పుకునేవారు. ఓసారి కళ్లకి గంతలు కట్టి గోదావరి నీళ్లు పోస్తే, "ఇవి భద్రాచలం దగ్గర ఎవరో ఎర్రచీర ఉతుక్కోగా వచ్చిన నీళ్లు" అన్నాట్ట. ఎవరూ వెళ్లి చూసి రాలేదు గనక అది నిజమే అయింది. ఇన్ని తెలిసిన నాలికకి, చుట్టాలొస్తే ఏ తోటకి తీసుకెళ్లాలో మాత్రం ప్రతిసారీ పెళ్లాన్ని అడగాల్సొచ్చేది. అడగడమంటే, అడిగినట్టు కాదు.

"కాకినాడ నుంచి ప్లీడరు ధర్మరాజుగారు, ఆయన స్నేహితులిద్దరు గురువారం దిగుతున్నారే" అన్నాడు రేవుమెట్టు మీద నిలబడి. "గాంధీ జయంతి నుంచి కల్లు బందంట కదా, ఈలోగా కోనసీమ కల్లు ఓ పట్టు పడతారంట. ఒక్క పగలే ఉంటారు. ఏడు తోటలూ ఎక్కడ తిప్పుతాం, మూడు చాలు." కాస్త ఆగి, కాలవ కేసి చూస్తూ, "ఏది ఎలా ఉందంటావు? ఊరికే అడుగుతున్నా" అన్నాడు.

చిన్నమ్మలు చేతిలో లొట్టి వదల్లేదు. "కరణంగారి తోట వద్దండి, చవుడు తగుల్తోంది. ముందు లాకుతోట. పల్చగా ఉంటాది, పరగడుపున పడుద్ది. తరవాత లంకతోట. మూలతోట ఆఖర్నే. దాన్ని ముందు తాగితే మిగతావి నీళ్లనిపిస్తాయండి."

"నేనూ అదే అనుకున్నా" అన్నాడు ఆయన. అప్పటి దాకా ఏమీ అనుకోలేదు. "నువ్వూ పడవలో రావాలి. చేపల పులుసు అక్కడే ఉడకాలి, వేడిగా. తోటలోకి మాత్రం దిగకు."

తోటలోకి ఆడవాళ్లు దిగకూడదన్నది అత్తగారు అప్పలమ్మ పెట్టిన కట్టు. "ఆడగాలి తగిల్తే కల్లు విరుగుద్దే" అనేది. చిన్నమ్మలు చేత్తో కడిగిన కుండలో రాత్రల్లా నిక్షేపంలా ఉన్న కల్లు, చిన్నమ్మలు గాలి తగిలితే ఎలా విరుగుతుందో అత్తగారు చెప్పలేదు. కల్లూ చెప్పలేదు.

కాని ఆమెకి బెంగ తోట గురించి కాదు, పడవ గురించి. పడవలో ఉంటే వినపడుతుంది. నిరుడు అమలాపురం నుంచి చుట్టాలొచ్చినప్పుడు వంటింటి గోడ అడ్డం ఉండబట్టి సగమే వినపడింది. రెండో లొట్టి ఖాళీ కాగానే ఆయన నోట్లో ఆ మాట తయారవుతుంది. "మా మావ దగ్గర లొట్టి కొన్నానండీ, ఇది కొసరు!" అంటాడు. వంకాయలు కొంటే రెండు పచ్చిమిరపకాయలు కొసరేస్తారే, అలాగ. ఆమె తండ్రి చెట్లెక్కి కల్లు గీసినవాడు. పెళ్లిలో ఏమీ పెట్టుకోలేక, తను నడుముకి కట్టుకునేలాంటి లొట్టి ఒకటి కొత్తది కొని అల్లుడి చేతిలో పెట్టి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ కళ్లనీళ్లు చూసినవాడే ఆ మాట పుట్టించాడు. జనం నవ్వుతారు, ఎంచేతంటే మాట బాగానే ఉంటుంది. మర్నాడు పొద్దున్న ఆయనే వచ్చి, "రాత్రి ఏమన్నా అన్నానా? నేను కాదే, కల్లు అంది" అంటాడు. "తాగినోడి మాట తెల్లారితే ఆరిపోద్ది, ఎత్తి దాచుకోకు" అంటుంది అత్తగారు. దాచుకోలేదు చిన్నమ్మలు. ఇద్దరు మొగుళ్లున్నారనుకుంది, ఒకడు పగటివాడు, ఒకడు కల్లువాడు. పగటివాడికి వండిపెట్టింది, కల్లువాడిని క్షమించింది. కల్లు బందైతే ఇల్లెలా గడుస్తుందో అని ఇంటిల్లిపాదీ కుములుతుంటే, ఆమె లోలోపల గాంధీ జయంతికి రోజులు లెక్కపెట్టుకుంటోంది. కల్లు పోతే కల్లువాడు పోతాడు. కొసరన్న మాట ఆ రోజుతో చచ్చిపోతుంది. ఇంకో తొమ్మిది రోజులు ఓపిక పడితే చాలనుకుంటుంటే, ఇదిగో ఈ పడవ.

బుధవారం మధ్యాహ్నం ఆమె సున్నం గిన్నె ముందేసుకుంది. లొట్టి లోపల సున్నం గట్టిగా పట్టిస్తే అందులో పడ్డది పులవదు, మత్తెక్కదు. తియ్యటి నీళ్లలా ఉండిపోతుంది. చంటిపిల్లలకీ, పథ్యం వాళ్లకీ అలాగే దించి ఇస్తారు. మూడు తోటల లొట్లకీ పట్టించింది.

సాయంత్రం కుండలు పట్టుకెళ్లడానికి వచ్చిన గీతగాడు రాఘవులు లోపలికి తొంగి చూశాడు. "ఏటమ్మాయిగారూ, వెల్లేసేరా? వచ్చేది ప్లీడర్లా, పసిపిల్లలా?"

"పట్నం కడుపులు కదా బాబాయ్, ఆగవు."

"ఆయనగారికి తెల్సా?"

"ఆ నాలికకి తెలీకుండా పోద్దా?" అంది చిన్నమ్మలు.

రాఘవులు ఓ క్షణం ఆమె మొహం చూసి, "ఆయ్" అని కావిడి ఎత్తుకున్నాడు.

గురువారం పొద్దున్నే పడవ కదిలింది. సరంగు సీమోను గెడ వేస్తున్నాడు. గూడు కింద పొయ్యి దగ్గర చిన్నమ్మలు చింతపండు పిసుకుతోంది. లాకుతోటలో దిగిన నలుగురూ గంటకి తిరిగొచ్చారు, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని. తెల్లారి దించిన కల్లు ఎలాగూ తియ్యగానే ఉంటుంది గనక ఎవరికీ అనుమానం రాలేదు. "ముందు తియ్యగా దిగుద్దండి, తరవాత మోకాళ్లు పట్టుకుంటాది" అని మాణిక్యాలరావు చెప్పాడట. చెప్పిన దగ్గర్నుంచీ ప్లీడరుగారి మోకాళ్లు పట్టుకున్నాయి. స్నేహితుల్లో ఒకాయన పడవ దిగే బల్ల మీంచి జారి మొలలోతు బురదలో దిగబడి, గోదారి తనని పిలుస్తోందని ఏడ్చాడు. ఇంకొకాయనకి సీమోను ఇద్దరు కనపడ్డారు. ఇద్దరికీ విడివిడిగా నమస్కారం పెట్టాడు. పులవని నీళ్లకి ఇంత తూలడం కోనసీమలో అంతకు ముందూ లేదు, ఆ తరవాతా లేదు. చిన్నమ్మలుకి నవ్వొచ్చింది. చాలా కాలమైంది అలా నవ్వొచ్చి.

లంకతోటకి చేరేసరికి ఎండెక్కింది. ఆ వేళకి కల్లు పుల్లబడాలి, నురగ కట్టాలి. లొట్లు పడవలోకే తెచ్చారు. మాణిక్యాలరావు ఒక గుక్క మింగి ఆగాడు. నాలిక ఏదో చెప్పబోయింది. కాని ప్లీడరుగారు తనకేసే చూస్తున్నారు. "ఇదండీ లంకతోట గొప్ప! పులవదు, ఎక్కుద్ది" అన్నాడు. అన్నాక ఎక్కకపోతే బాగుండదు. కళ్లు ఎర్రబడ్డాయి. మాట ముద్దయింది.

చిన్నమ్మలు విస్తళ్లు వేసి పులుసు వడ్డించింది. ఈ ఒక్కసారికి ఏమీ ఉండదు, ఆయన లోపల కల్లువాడు లేడు, ఉన్నది నా మనిషే, అనుకుంటూ వడ్డించింది.

"అమ్మా, పులుసు అమృతం" అన్నారు ధర్మరాజుగారు. "ఏవయ్యా మాణిక్యం, తోటల వరస భలే కుదిర్చావు. పల్చనిది ముందు, చిక్కనిది తరవాత!"

"ఆయనగారు కాదండీ, అమ్మాయిగారు చెప్పేరు. రేవులో నేనూ ఉన్నాను కదండీ" అన్నాడు సీమోను మంచికే.

మాణిక్యాలరావు చెయ్యి ఊపాడు, ఈగని తోలినట్టు.

"దీనికేం తెల్సండీ! మా మావ దగ్గర లొట్టి కొన్నాను, ఇది కొసరు!"

ఎప్పటి మాటే. ముద్దముద్దగా, 'కొసరు' దగ్గర ఎప్పటిలాగే కాస్త సాగదీసి. నవ్వులకి పడవ ఊగింది. చిన్నమ్మలు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆయన ముందున్న లొట్టి అడుగున, తను పట్టించిన సున్నం తెల్లగా కనపడుతోంది. ఇందులో కల్లు లేదు. నిన్నటి నుంచీ ఆయన కడుపులో చుక్క లేదు. మరి ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? పదకొండేళ్లూ తను క్షమించిన ఆ రెండోవాడు ఎవరు? ఎక్కడా లేడు. ఉన్నది ఒక్కడే. పగలు తన చేతి అన్నం తినేవాడే ఆ మాటని నోట్లో భద్రంగా దాచుకుని, లొట్టి కనపడగానే బయటికి తీసేవాడు. కల్లు పాపం, ఒక్క మాటా అనలేదు. గాంధీ జయంతి వస్తుంది, పోతుంది. దానితో తనకింక పని లేదు.

పడవ మూలతోట రేవుకి తగిలింది. ధర్మరాజుగారు నవ్వాపుకుని, ఆమె మొహం చూసి మెత్తబడ్డారు. "మనసులో పెట్టుకోకమ్మా. తాగినవాడి మాట కోర్టులో కూడా చెల్లదు."

"అదేనండి, అన్నది నేను కాదు, కల్లు" అన్నాడు మాణిక్యాలరావు, ఈసారి తెల్లారే దాకా ఆగకుండా.

చిన్నమ్మలు గరిటె కింద పెట్టింది. ఆయన ముందున్న లొట్టి తీసి వంచింది. తెల్లటి సున్నపునీరు పడవబల్ల మీద పారి, ప్లీడరుగారి విస్తరి అంచుకి తగిలింది.

"ఇవి చంటిపిల్లలకి పట్టే నీళ్లండి. పొద్దుటి నుంచీ అందరూ తాగింది ఇదే. సున్నం నేనే పట్టించేను" అంది. "తాగనోడి మాట చెల్లుద్దాండి, బాబుగారూ?"

అందరి మత్తూ ఒక్కసారే దిగిపోయింది. ఇద్దరు సీమోనులూ ఒక్కడయ్యారు. ప్లీడరుగారు నిటారుగా కూర్చుని కాలవకేసి చూడసాగారు.

చిన్నమ్మలు చేతులు కడుక్కుని, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, బల్ల మీంచి గట్టెక్కింది. తను వాసనతో మాత్రమే ఎరిగిన చెట్లు, వరసగా, ఎదురుగా.

"ఎక్కడికే? తోటలోకి దిగకు! విరుగుద్దే!" అని పడవలోంచి కేకేశాడు మాణిక్యాలరావు.

"విరిగిందండి" అంది చిన్నమ్మలు, నడుస్తూనే.