లుబోష్ ఇంట్లో ఇంజను

ఏడేళ్లు ఎదురుచూస్తే ఓటకార్‌కు వంతు వచ్చింది. సంతోషించాల్సిన మనిషి, అక్టోబరు నుంచి ఒకటే గొణుగుడు. వంతు వచ్చింది గానీ ఇంజను అతని దగ్గర లేదు.

మొరావియాలోని ఆ చిన్న పట్నంలో బొమ్మ విమానాల క్లబ్బుకు సభ్యులు ఎనిమిదిమంది, పనికొచ్చే ఇంజను ఒక్కటి. గుప్పిట్లో పట్టే ఆ ఇంజను కోసం మూడేళ్లు అర్జీలు పెట్టారు. ఏటా మే నెల పోటీలో వంతు ప్రకారం ఒక్కరే దాన్ని విమానానికి బిగించి, రెండు తీగలు పట్టుకుని, గడ్డి మైదానం నడుమ గిరగిరా తిరుగుతూ ఎగరేస్తారు. ఎగరేసేవాడి ఇంట్లో మాత్రం అది చలికాలం గడపకూడదని నియమం. ఊరికే పెట్టలేదు ఆ నియమం. వెనకటికి వోయ్‌త్యెఖ్ అనే ఆయన తన వంతు వచ్చిన ఏడాది ఆత్రం పట్టలేక దాన్ని పదకొండుసార్లు విప్పి బిగించాడు. పన్నెండోసారి బిగించడం చేతగాక ముక్కలన్నీ రొట్టెల సంచీలో పోసుకుని మైదానానికి వచ్చాడు. ఇప్పుడు ఆయనే క్లబ్బు అధ్యక్షుడు.

ఈసారి కాపలా లుబోష్‌కు పడింది. ఓటకార్‌కు ఒళ్లు మండింది. ఇద్దరూ ఒకే కార్ఖానాలో ఇరవై ఏళ్లుగా పక్కపక్క లేతు మిషన్ల మీద పనిచేస్తున్నారు. లుబోష్ చెడ్డవాడేం కాదు. నిమ్మకు నీరెత్తినట్టుంటాడు, అంతే. ఇల్లంటుకున్నా కాఫీ తాగి లేచే రకం. ఇంజనును గుడ్డలో చుట్టి, వంటింటి అలమరలో పిండి డబ్బా పక్కన పెట్టి ఊరుకున్నాడు. పైగా అతనిది ఆముదం పక్షం.

ఆ ఇంజను తాగేది మెథనాల్. వాడిన తరవాత లోపల కాస్త మిగిలినా గాలిలో తేమను లాక్కుని బేరింగులకు తుప్పు పట్టిస్తుంది. అందుకే పక్కన పెట్టేముందూ, ఆ తరవాత అప్పుడప్పుడూ నాలుగు చుక్కల నూనె వేసి చేత్తో తిప్పాలి. అంతవరకు అందరిదీ ఒకే మాట. ఏ నూనె అన్నదగ్గరే పేచీ. లుబోష్ ఆముదమే అంటాడు. ఆముదం నెలల తరబడి ఉంటే బంకలా పట్టేస్తుందనీ, మెడకాయ మీద తలకాయ ఉన్నవాడెవడైనా కుట్టుమిషను నూనే వేస్తాడనీ ఓటకార్ వాదన. ఆ ఊళ్లో కమ్యూనిస్టు పార్టీవాళ్లూ చర్చికి వెళ్లేవాళ్లూ ఒకే బల్ల దగ్గర నవ్వుతూ బీరు తాగుతారు గానీ, ఈ రెండు నూనెలవాళ్లు మాటామాటా అనుకోకుండా ఏనాడూ బల్ల మీంచి లేవలేదు.

నవంబరు నుంచి ఓటకార్ రెండు శనివారాలకొకసారి లుబోష్ ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఓసారి చదరంగమన్నాడు, ఓసారి పాత పత్రిక తిరిగిద్దామని వచ్చానన్నాడు. బీరు కోసం లుబోష్ నేలమాళిగలోకి దిగగానే అలమర తెరిచి, కోటు జేబులోంచి సీసా తీసి, ఇంజను పొగ కంతలోనూ గాలి కంతలోనూ నూనె పిండి, రెండుసార్లు తిప్పి, మళ్లీ గుడ్డ చుట్టేసేవాడు. చుక్కలు లెక్కపెట్టేంత తీరిక ఎక్కడిది? ఒకటి ఎక్కువైతే నష్టమేముందనుకున్నాడు. అవతల ఓటకార్ భార్య బ్లజెనా కుట్టుమిషను చలికాలమంతా కీచుమంటూనే ఉంది. నూనె సీసా ఏమైందో ఆవిడకు అంతుపట్టలేదు.

మార్చిలో లుబోష్ భార్య ద్రహొమీర వంటింటికి రంగులు వేయించింది. సామానంతా పెట్టెల్లోకి వెళ్లింది, ఇంజనూ వెళ్లింది. ఆరు వారాలు ఓటకార్‌కు దాని మొహం చూడ్డానికి లేకపోయింది. అతనికి నిద్ర కరువైంది. ఎంతసేపూ ఆముదం బంకకట్టి, పిస్టను సిలిండరుకు అతుక్కుపోయినట్టే కనిపించేది. అడిగితే లుబోష్ మీద నమ్మకం లేనట్టవుతుంది, అడక్కపోతే ప్రాణం ఉసూరుమంటుంది. మింగలేక కక్కలేక ఏప్రిలు గడిపాడు.

మే మొదటి ఆదివారం మైదానంలో లుబోష్ ఇంజను తెచ్చి చేతిలో పెట్టాడు. ఓటకార్ దాన్ని విమానానికి బిగించి ముందున్న పంకా రెక్క పట్టి తిప్పాడు. సగం తిరిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు, అక్కడే ఆగింది. ఆరు నెలల కడుపుమంట ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

అందరూ వినేలా లుబోష్‌ను కడిగేశాడు. పిండి డబ్బా పక్కన ఇంజను పెట్టేవాడి బుద్ధి పిండిలాగే ఉంటుందన్నాడు. లుబోష్ మొహం ఆముదం తాగినట్టయింది గానీ గొంతు మాత్రం పెంచలేదు.

"ఓటా, కాస్త ఆగు. ప్లగ్గు విప్పి లోపల ఏముందో చూడు."

"లోపలేముందో నువ్వా నాకు చెప్పేది? నీ ఆముదం బంకే ఉంది."

ప్లగ్గు విప్పలేదు. బంకైతే బలంతో వదులుతుందని రెండు చేతులతో రెక్క పట్టి, పళ్లు బిగించి తిప్పాడు. లోపల కిటుక్కుమంది. రెక్క కదిలింది, కానీ ఆ కదలిక చూస్తే ప్రాణమున్న ఇంజనులా లేదు.

అధ్యక్షుడు వోయ్‌త్యెఖ్ ప్లగ్గు విప్పి ఇంజనును తలకిందులు చేశాడు. బంకా లేదు, తుప్పూ లేదు. నూనె ధారగా కారింది. ప్లమ్ సారా పోసుకునే చిట్టి గ్లాసు పడితే వేలెడు నిండింది. ఇన్నాళ్లూ ఇంజను అడుగున నిలిచిందంతా, విమానానికి పక్కకు తిప్పి బిగించేసరికి పిస్టను మీదికి చేరింది. అంత నూనె నిలిస్తే దాన్ని నొక్కడం ఎవడి తరమూ కాదు. నొక్కబోతే వంగేది పిస్టనుకు తగిలించిన కనెక్టింగు రాడ్డే. వంగింది. ఈ ఏటి పోటీ అక్కడితో సరి.

వారానికి మూడు చుక్కలే వేశాననీ, పోయినవారం దాకా హాయిగా తిరిగిందనీ లుబోష్ అన్నాడు. నమ్మినవాడు లేడు. మూడు చుక్కలు వేసేవాడింట్లో ఇంజను మునిగి చావదని వోయ్‌త్యెఖ్ తేల్చేశాడు. వచ్చే ఏడు ఎగరేసే వంతు లుబోష్‌ది. దాన్ని కొట్టేస్తున్నానని చెప్పి నియమాల పుస్తకం కోసం కారులో ఇంటికి వెళ్లాడు. లుబోష్ సాసేజీల బండి దగ్గర ద్రహొమీర పక్కన నిలబడి, తినకుండా కాగితం మడతపెడుతున్నాడు.

ఓటకార్ ఆ గ్లాసు ముందు కూలబడ్డాడు. ఏడేళ్ల వంతు అందులోనే పోయింది. ఏడుపూ కోపమూ ఒకేసారి వస్తే ఏది ముందో తెలియని స్థితి. అరగంట అలాగే చూస్తూ కూర్చున్నాడు.

గ్లాసులో నూనె తేరుకుంది. అడుగున పసుపుపచ్చగా, చిక్కగా, పలచటి పొర. అది ఆముదం. దాని పైన నీళ్లలా తెల్లగా, దానికి నాలుగింతల మందంగా మరో నూనె. రెండూ కలవలేదు. మధ్య గీత గీసినట్టుంది.

చుట్టూ ఎవరూ లేరు. ఒక్కసారి గ్లాసు కుదిపితే మళ్లీ కలిసిపోతాయి. చెయ్యి గ్లాసు దాకా వెళ్లింది కూడా. సాసేజీల బండి దగ్గర లుబోష్ ఇంకా ఆ కాగితమే మడతపెడుతున్నాడు.

వోయ్‌త్యెఖ్ పుస్తకంతో వచ్చి కలం తీశాడు. ఓటకార్ గ్లాసును కదలనివ్వకుండా రెండు చేతులతో పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టాడు.

"కిందున్నది లుబోష్‌ది," అన్నాడు. "పైదంతా నాది."