విశ్వాసం గారి గుక్కెడు

మొదటి గుక్క మంచినీళ్ళ చెరువు తూర్పుగట్టు దగ్గరిది. విశ్వాసం దాన్ని మింగకుండా నోట్లో ఉంచుకుని కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు ముందు నాలుక కొసకు, తర్వాత రెండు పక్కలకు, ఆఖరున అంగిట్లోకి వెళ్ళాయి. మింగి, "స్తోత్రం ప్రభువా" అన్నాడు.

తర్వాత గట్టు వెంబడి నడిచి పడమటి వైపుకు వెళ్ళాడు. అక్కడ మెట్లు లేవు. గడ్డి పట్టుకుని కిందికి దిగి, చేతిలోని స్టీలు గ్లాసు ముంచి రెండో గుక్క తీసుకున్నాడు. ఈసారి స్తోత్రం చెప్పలేదు. పక్కకు తిరిగి ఉమ్మేశాడు. పైకెక్కేటప్పుడు ఆయాసం వచ్చి రెండుసార్లు ఆగాడు.

కలిదిండికి అయిదు మైళ్ళ దూరంలో ఉంటుంది ఏటిపాలెం. ఊరి చుట్టూ చేపల చెరువులు, అవి కాకపోతే రొయ్యల చెరువులు. ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి పనికొచ్చేవి మాత్రం ఈ నాలుగెకరాల మంచినీళ్ళ చెరువులోవే. కాలవ వదిలినప్పుడు దీన్ని నింపుకుంటారు. ఇక్కణ్ణించి మోటారుతో ఫిల్టరు బెడ్డుకు, అక్కణ్ణించి ఓవర్‌హెడ్ ట్యాంకుకు, ట్యాంకు నుంచి కుళాయిలకు. మోటారు వెయ్యడం, బ్లీచింగ్ కలపడం, వాల్వు తిప్పడం విశ్వాసం పని. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా అదే పని. రుచి చూడమని అతనికి ఎవరూ చెప్పలేదు. నలుగురి నోట్లోకి వెళ్ళేది ముందు తన నోట్లోకి వెళ్ళాలని అతనికే తోచింది.

మనిషి పొట్టి. అరవై రెండేళ్ళు. వాల్వు తాళం తిప్పి తిప్పి కుడి అరచేయి చెక్కలా గట్టిపడింది, కుడి భుజం ఎడమదానికన్నా కాస్త దిగింది. ఈ పనిలో చేరగానే చుట్ట మానేశాడు. పొద్దున్నే రుచి చూసేదాకా కాఫీ కూడా ముట్టడు. ఇంత చేసి కాపాడుకున్న ఆ నాలుక సంగతి చెప్తే కొత్తవాళ్ళు నవ్వుతారు, ఏటిపాలెం వాళ్ళు నవ్వరు. పట్టిసీమ దగ్గర గోదావరిని మోటార్లతో ఎత్తి కృష్ణలో కలిపిన ఏడాది, పేపర్లో ఇంకా రాకముందే విశ్వాసం గ్లాసు దించి, "ఇవి మన నీళ్ళు కావండీ. గోదారి వచ్చిందండీ" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత కాలవ లస్కరు వచ్చి అదే మాట చెప్పాడు. ఎక్కడో నాసిక్ కొండల్లో పడిన వాన అన్ని ఊళ్ళు దాటుకుని, ఒక నదిలోంచి ఇంకో నదిలోకి ఎక్కి, బెజవాడ బ్యారేజీ దగ్గర ఆగి, కాలవల్లో పడి వచ్చి తన గ్లాసులో చేరిందంటే విశ్వాసానికి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ జలదరింపు కోసమే అతను రోజూ కళ్ళు మూసుకుంటాడేమో.

ఆరున్నరకు కుళాయిలు వదిలాడు. ట్యాంకు కింది కుళాయి దగ్గర బిందెలు వరసకట్టాయి. రాష్ట్రం సంగతులన్నీ తేలేది అక్కడే.

"ఈసారి ఎవరొస్తారంటావ్ విశ్వాసం?" అంది వెంకటనరసమ్మ. డెబ్బై ఏళ్ళ మనిషి, మూడో వార్డు మెంబరు.

"ఎవరొచ్చినా ముందు ట్యాంకుకు రంగేస్తారండీ."

ఆడవాళ్ళు నవ్వారు. నిజమే. ట్యాంకు స్తంభం మీద పెచ్చు ఊడిన చోట వరసగా నాలుగు ప్రభుత్వాలు కనపడతాయి. విశ్వాసం వాటిని వేలితో చూపించి, ఏ రంగు నాడు పైపులొచ్చాయో, ఏ రంగు నాడు శిలాఫలకం మాత్రమే వచ్చిందో పక్షపాతం లేకుండా చెప్తాడు. జిల్లా మారడం మీద కూడా అతనికో అభిప్రాయం ఉంది. "నిన్నటిదాకా అర్జీ పట్టుకుని బందరు పోయేవాళ్ళం. ఇప్పుడు ఏలూరండీ. పని ఎక్కడైనా అంతే గాని, ఏలూరు పోతే దారిలో కొల్లేరు కనపడుతుంది. ఆ పక్షుల్ని చూస్తే అర్జీ సంగతి మర్చిపోతామండీ." అతని భార్య దానమ్మ ఆమధ్య ఉచిత బస్సులో వెళ్ళి కలెక్టరేటు గేటు దాకా చూసొచ్చింది. అర్జీ ఇవ్వలేదు, పక్షుల గురించి వారం రోజులు చెప్పింది.

"పడమటి గట్టు ఎలా ఉంది?" అంది నరసమ్మ గొంతు తగ్గించి.

"నిన్నటికన్నా ఉప్పెక్కిందండీ."

క్రిస్మస్ వెళ్ళిన నెల నుంచి అతను ఈ మాట అంటూనే ఉన్నాడు. అంతకుముందే పెద్ద రొయ్యల రైతు సుబ్బరాజుగారు పడమటి గట్టును ఆనుకుని రెండెకరాల్లో రొయ్యల చెరువు తవ్వించారు. రొయ్యలకు పెట్టే ఉప్పునీళ్ళు గట్టులోంచి ఇటు ఊరుతున్నాయి. దాని పక్కనే ఆరెకరాల వరిచేను కూడా తవ్వుకుంటానని అర్జీ పెట్టారు. అభ్యంతరం లేదని గ్రామసభ తీర్మానం చెయ్యాలి. సభ ఈ రోజు పదింటికి. మోటారు పైపు తూర్పుగట్టున ఉండబట్టి ఉప్పు ఇంకా కుళాయిల్లోకి రాలేదు. ఆ ఆరెకరాలు కూడా రొయ్యల చెరువైతే, వేసంగి నాటికి నాలుగెకరాల మంచినీళ్ళూ ఒకటే రుచి అవుతాయి. విశ్వాసానికి నిద్ర పట్టక రెండు వారాలైంది.

"సభలో చెప్పరాదూ?" అంది నరసమ్మ.

విశ్వాసం పక్క బిందెను కుళాయి కిందికి జరిపాడు. సభ తీర్మానంతో వచ్చిన ఉద్యోగం, సభ తీర్మానంతోనే పోతుంది. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో అతను ప్రతి సభకూ వెళ్ళాడు, అందరికీ మంచినీళ్ళు అందించాడు, ఒక్కసారీ నోరెత్తలేదు.

పదిన్నరకు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద సభ మొదలైంది. సెక్రటరీ దీవెన, పాతికేళ్ళ పిల్ల, అర్జీ చదివి, "అభ్యంతరాలున్నవాళ్ళు చెప్పండి" అంది. ఎవరూ కదల్లేదు. సుబ్బరాజుగారంటే ఊళ్ళో అందరికీ మంచి అభిప్రాయమే. నిరుడు వేసంగిలో మోటారు కాలిపోతే కొత్తది కొనిచ్చింది ఆయనే. సగం ఊరికి ఆయన చెరువుల మీదే కూలి. దీవెన పుస్తకం తీసి పెన్ను మూత విప్పింది.

"నాకుందండీ."

అందరూ వెనక్కి తిరిగారు. విశ్వాసం గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీకేం అభ్యంతరమయ్యా? నీకు పొలముందా పుట్రుందా?" అన్నాడు సర్పంచి.

"పొలం లేదండీ. నాలికుందండీ."

సభంతా నవ్వింది. సుబ్బరాజుగారు కూడా నవ్వి, "మొన్న ల్యాబు కాగితం బాగానే వచ్చింది కదా విశ్వాసం?" అన్నారు, మెత్తగానే.

"వచ్చిందండీ. నీళ్ళు పట్టుకెళ్ళినాయన తూర్పుగట్టున పట్టుకెళ్ళారండీ. అక్కడైతే మెట్లున్నాయి కదండీ."

పళ్ళెం కింద పెట్టి, సైకిలుకు తగిలించిన సంచిలోంచి, పొద్దున్నే నింపుకున్న రెండు సీసాలు తెచ్చాడు. ఒకటి తూర్పు, ఒకటి పడమర. పదిమంది రుచి చూశారు. ఎవరికీ తేడా తెలియలేదు. విశ్వాసం ముఖం వాడిపోయింది. అప్పుడు నరసమ్మ లేచి, అతన్ని అటు తిరగమని, గ్లాసులు అటూ ఇటూ మార్చి ఒకటి చేతికిచ్చింది. "పడమర" అన్నాడు. మళ్ళీ మార్చింది. "తూర్పండీ." మూడోసారి ఇచ్చింది. అతను చాలాసేపు నోట్లో ఉంచుకున్నాడు.

"ఇది రెండూ కలిపారండీ."

నరసమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. రెండు గ్లాసులూ కలిపి ఇచ్చిన సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

సుబ్బరాజుగారు కుర్చీలోంచి లేచారు. కోపమొచ్చిందనుకున్నారు అందరూ. ఆయన కారు దగ్గరికి వెళ్ళి, రొయ్యల చెరువుల్లో ఉప్పు చూసుకునే మీటరు తెచ్చారు. జానెడు గొట్టం, చివర చిన్న గాజుపలక. దాని మీద తూర్పు నీళ్ళు ఒక చుక్క వేసి, మూత వేసి, వెలుతురుకేసి పెట్టి చూశారు.

"సున్నా" అన్నారు.

పలక తుడిచి పడమటి చుక్క వేశారు. ఈసారి చాలాసేపు చూశారు. కండువా చెంగుతో మళ్ళీ తుడిచి, మళ్ళీ వేసి, మళ్ళీ చూశారు. ఆ మీటరులో ఏముందో ఆయన ఒక్కరికే కనపడుతుంది. సున్నా అనేస్తే అడిగేవాడు లేడు.

"ఉందయ్యా. ఒకటికి దగ్గర్లో ఉంది." మీటరు దించి విశ్వాసాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "నా కళ్ళకే ఆనీ ఆననట్టుంది. నీకెలా తెలిసిందయ్యా ఇది? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"కుళాయి దగ్గర రోజూ చెప్తూనే ఉన్నానండీ. సభలో చెప్పడం ఇదే మొదలండీ."

సుబ్బరాజుగారు దీవెన వైపు తిరిగారు. "నా అర్జీ నేను వెనక్కి తీసుకుంటున్నానని రాసుకో అమ్మా. ఈ పంట పట్టేశాక ఆ రెండెకరాలు కూడా ఆపేస్తాను. అదీ రాయి."

సభ అయిపోయాక విశ్వాసం గ్లాసులు కడిగి, చేతులు తుడుచుకుని దీవెన బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏం రాశారమ్మా?"

ఆమె చదివింది. "పంచాయతీ పంపు ఆపరేటరు శ్రీ విశ్వాసం గారు, మంచినీళ్ళ చెరువు పడమటి గట్టు నీటిలో ఉప్పు చేరినదని తమ అభిప్రాయము తెలియజేసినారు. సభ ఏకీభవించినది."

"శ్రీ అని నిజంగా ఉందామ్మా?"

దీవెన వేలు పెట్టి చూపించింది. అతను వంగి ఆ అక్షరం చూశాడు. ముఖ్యమంత్రుల గురించి, రాజధాని గురించి, జిల్లాల గురించి అతను ఇన్నేళ్ళలో ఎన్ని అభిప్రాయాలు చెప్పాడో లెక్కలేదు. అన్నీ బిందెల మోతలో కలిసిపోయాయి. ఇది మాత్రం నీలం సిరాతో నిలబడి ఉంది. దాని కింద సంతకం పెట్టడానికి అతనికి మూడు నిమిషాలు పట్టింది. దీవెన తొందర పెట్టలేదు.

ఇంటికి వెళ్ళి దానమ్మకు చెప్పాడు. "మన మాట పుస్తకంలోకి ఎక్కిందే."

"ముందు అన్నం తినండి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు" అంది దానమ్మ. కాసేపటికి కంచం ముందు కూర్చున్న మనిషిని చూసి, "ఏవండీ, నిజంగా శ్రీ అని రాశారా?" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఎడమ భుజం లాగుతోందంటే కొబ్బరినూనె కాచి రాసింది. సాయంత్రం పడుకోమంది. నీళ్ళు వదలాలి కదా అని అతను అయిదింటికి సైకిలెక్కాడు.

అయిదున్నరకు కుళాయిలు వచ్చాయి. రోజూ ఆరున్నరకు కట్టేస్తాడు, గడియారం చూడక్కర్లేదు. ఆ రోజు ఆరున్నర దాటినా నీళ్ళు ఆగలేదు. ఆడవాళ్ళు ఉన్న బిందెలన్నీ నింపుకున్నారు. తర్వాత బకెట్లు, తర్వాత గంగాళాలు. "ఇవాళ విశ్వాసం గారు మాంచి హుషారుమీదున్నారు" అని నవ్వుకున్నారు. పిల్లలు కుళాయి కింద తలలు పెట్టారు.

దానమ్మ కుళాయి కింద బిందె నిండి, పొర్లి, వాకిలంతా తడిసి, నీళ్ళు వీధిలోకి పారుతున్నాయి. ఆమె ఆ ధారనే చూస్తూ నిలబడింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఒక్క చెంబుడు నీళ్ళు ఆయన వృథా పోనివ్వలేదు. ఆమె ముందు నడిచింది, వీధి మలుపు తిరిగాక పరుగెత్తింది.

ట్యాంకు స్తంభానికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు విశ్వాసం. ముఖం చెరువు వైపుకు ఉంది. కళ్ళు మూసుకుని, రోజూ రుచి చూసేటప్పుడు ఉండేటట్టే ఉన్నాడు. దానమ్మ అతని చెంప తాకింది. తర్వాత పక్కనున్న వాల్వు తిప్పే తాళం తీసుకుని, రెండు చేతులతో ముందు వాల్వు కట్టింది. అదే ముందు చెయ్యమంటాడని ఆమెకు తెలుసు. అప్పుడు ఏడ్చింది.

ఊరంతా వచ్చింది. సుబ్బరాజుగారు వచ్చి చెప్పులు విప్పి నిలబడ్డారు. దీవెన వచ్చింది. పక్కనున్న ఫిల్టరు బెడ్డు గోడ మీద అతని స్టీలు గ్లాసు ఉంది. రోజూ కడిగి బోర్లించే గ్లాసు, ఈ పూట నిలబెట్టి ఉంది. అందులో నీళ్ళున్నాయి, పైనుంచి ఒక్క గుక్క తగ్గి.