సగం పాడిన ప్రశ్న

మా అక్క బస్సు కండక్టరుగా పనిచేసిన రోజుల్లో ఆమె గొంతు వెనక సీటు దాకా కాదు, వెనకాల వచ్చే బస్సు దాకా వినిపించేదని బావ ఎగతాళి చేసేవాడు. ముందుకు జరగండి అంటే జనం నోరెత్తకుండా జరిగేవారు. అలాంటి మనిషికి ఒక ఉదయం పళ్ళు తోముకుంటుండగా మెదడులో రక్తం గడ్డకట్టి మాట పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొన్నాళ్ళకు దారికొచ్చాయి కానీ మాట రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, జవాబే నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. మంచినీళ్ళు కావాలన్నా చేత్తో చూపించాల్సిందే.

పాట మాత్రం పోలేదు. కొందరికి మాట వచ్చే దారి మూసుకుపోయినా పాట వచ్చే దారి తెరిచే ఉంటుందని డాక్టరమ్మ చెప్పి, నలుగురితో కలిసి పాడించమంది. మా పేటలో పురపాలక సంఘం వాళ్ళ పాటల హాలు ఉంది. వారానికో సాయంత్రం పేటవాళ్ళు చేరి పాడుకునేవారు. పాడించే ఆయన్ని అందరం మాష్టారు అంటాం, బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి. మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు అక్క చాలాసేపు కొయ్యబొమ్మలా కూర్చుంది. ఇక లేద్దాం అనుకుంటుండగా నోరు తెరిచి పాటంతా పాడింది, ఒక్క అక్షరం పోకుండా. బావ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను తుడుచుకోలేదు, కారనిచ్చాను.

చిత్రమేమిటంటే, పాడి ఇంటికొచ్చిన రాత్రి కాసిని మాటలు కూడా వచ్చేవి. “నీళ్ళు” అనేది. “చాల్లే” అనేది. ఒకసారి నేను పాలు పొంగిస్తే “మొద్దు” అంది. జన్మలో ఏ తిట్టుకూ నేనంత సంబరపడలేదు. తెల్లారేసరికి మళ్ళీ మామూలే. ఇంట్లో ఒక్కదాన్నే పాడమంటే పెదవి కదిపేది కాదు. ఆమెకు అటూ ఇటూ ఆ గొంతులు ఉండాలి.

ఆ హాలు చుట్టూ ఉన్న పెద్ద చెట్లకు తెగులు పట్టింది. బెరడు పగిలి నల్లటి జిగురు కారేది. ఆకులు అంచుల నుంచి మాడుతూ రాలిపోయేవి. ఒకరోజు ఎండు కొమ్మ విరిగి హాలు మెట్ల మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ మర్నాడే తలుపుకు తాళం పడింది, గేటుకు ఎర్ర రిబ్బను కట్టారు.

నా కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసి కౌన్సిల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. చెట్ల విభాగం ఆఫీసరు చెట్లు తనవే కానీ హాలు తనది కాదన్నాడు. కళల విభాగం ఆవిడ హాలు తమదే కానీ తాళం వేసింది చెట్ల వాళ్ళంది. ఇద్దరి గదులకూ మధ్య ఒకటే గోడ.

“ఆ గోడకో తలుపు పెట్టుకోండి మేడమ్. కర్టెను నేను ఊరికే కుట్టిస్తాను,” అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

ఈలోగా పాడేవాళ్ళు చెట్టుకొకరూ పుట్టకొకరూ అయ్యారు. నా షాపులో పాడుకుందామని పిలిస్తే సగంమందికి నిలబడే చోటే లేదు, పై అంతస్తువాళ్ళు నేల దబదబా బాదారు. అక్క నోరు విప్పలేదు. రోజులు గడిచేకొద్దీ చేత్తో చూపించడం కూడా తగ్గించేసింది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, మేం ఏది పెడితే అది తినేది.

కౌన్సిల్ ఏడాదికోసారి పేటవాళ్ళ ప్రశ్నలు వింటుంది. ఇంటికి ఒక ప్రశ్న. ఎవరి పేరు ఇస్తే వాళ్ళే లేచి అడగాలి, అడిగినంత మేరకే జవాబు చెబుతారు. నేను అడుగుతానన్నాను.

“నీకు ముక్కు మీదే కోపం. ప్రశ్న అడగమంటే పోట్లాటకు దిగుతావు,” అన్నాడు బావ.

“అయితే మీరు అడగండి. మైకు చూస్తే మీకు చెమటలు పడతాయిగా!”

మేమిద్దరం అలా వాదించుకుంటుంటే అక్క కుర్చీలోంచి లేచి వచ్చి, తన గుండె మీద చెయ్యి వేసి చూపించుకుంది. నేను అడుగుతాను అని. ఎన్నాళ్ళ తర్వాతో ఆ కళ్ళలో పాత కండక్టరు కనిపించింది. బావ వెళ్ళి అక్క పేరే ఇచ్చి వచ్చాడు.

సంగతి వినగానే మాష్టారు కూర్చున్నచోటే వరస కట్టేశారు.

*చెట్లకు తెగులు పట్టిందయ్యా, సంగతి ఏమిటి?*
*పాటల హాలుకు తాళం పడింది, తీసేది ఎప్పుడు?*

“హాలు ముందు పెట్టండి మాష్టారూ. మనక్కావలసింది అదే కదా,” అన్నాను.

“కారణం ముందు రావాలమ్మా, దాని ఫలితం తర్వాత రావాలి. మొదటి పాదం పైకి లేచి, రెండోది కిందికి దిగితేనే పాట ఇంటికి చేరినట్టు ఉంటుంది,” అన్నారాయన. సంగీతం ఆయనది, కత్తెర నాది. సరేనన్నాను.

మాష్టారు ఇల్లిల్లూ తిరిగి పాతవాళ్ళను బతిమాలి పోగేశారు. హాలు ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్కన నిలబడి సాధన చేశాం. హారన్ల మోత, దుమ్ము, కాళ్ళ నొప్పులు. రోజూ ఇలా మా వల్ల కాదని ముందే చెప్పి వచ్చారు అందరూ. అయినా అక్క పాడింది. మొదట అందరితో, తర్వాత ఒక్కతే. ఆ రాత్రి బావను “పడుకో” అంది. ఆయన పడుకుంటే ఒట్టు.

సభ రోజున అక్క తన పాత యూనిఫాం కోటు తీయించింది. మనిషి చిక్కిపోయింది కదా, పక్కలు లోపలికి కుట్టి ఇచ్చాను. సమావేశ మందిరంలో పొడవాటి బల్ల, గాజు జగ్గుల్లో నీళ్ళు, మధ్య కుర్చీలో అధ్యక్షురాలు, ఆవిడ ముందు చిన్న గంట. కాలవ గురించి ఒకాయన, వీధి దీపాల గురించి ఒకావిడ అడిగారు. తర్వాత అక్క పేరు పిలిచారు.

అక్క మైకును బస్సు కమ్మీ పట్టుకున్నట్టు పట్టుకుని, మాష్టారు వైపు ఒకసారి చూసి పాడింది.

*చెట్లకు తెగులు పట్టిందయ్యా, సంగతి ఏమిటి?*

గుసగుసలన్నీ ఆగిపోయాయి. వెనక బల్లల వాళ్ళు కూడా తలెత్తారు. అక్క ఊపిరి తీసుకుంది. అప్పుడే గంట మోగింది.

“ఒక్క నిమిషం అమ్మా,” అంది అధ్యక్షురాలు. “ఇక్కడ పాటలు పాడకూడదు. సభలో ఏ ప్రదర్శనకైనా కళల విభాగం అనుమతి ఉండాలి. మాటల్లో అడగండి.”

బావ లేచాడు. చెమటలు పట్టాయి, అయినా లేచాడు. “ఆమెకు మాట రాదండీ. పాటే వస్తుంది.”

“అయ్యో. అలాంటప్పుడు మీ పేరు ఇవ్వాల్సిందండీ. ఇప్పుడు మార్చడానికి లేదు. నాకూ బాధగానే ఉంది.”

అక్క మాటల్లో అడగబోయింది. పెదవులు కదిలాయి. “పా... పా...” అంది. మెడ నరాలు తేలాయి. సభలో ఎవరి చేతులు వాళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. నేనిక ఉండబట్టలేకపోయాను.

“ఇంకో పాదం ఉందండీ! హాలు గురించి! అసలు ప్రశ్న అదే!” అని అరిచాను. ఒకాయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

“పర్వాలేదమ్మా, కంగారు పడకండి,” అంది అధ్యక్షురాలు అక్కతో, ఎంతో మెత్తగా. “మీరు అడిగింది మాకు అర్థమైంది. చెట్ల తెగులు గురించి. జవాబు చెప్పిస్తాను.”

చెట్ల ఆఫీసరు ఉత్సాహంగా లేచి చాలా మంచి ప్రశ్న అన్నాడు. తెగులు ముదిరిపోయిందని, మందులకు లొంగదని, చెట్లన్నిటినీ వెంటనే కొట్టేస్తామని చెప్పాడు. అందరూ అక్క వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. అక్క మైకు వదల్లేదు. బావ వెళ్ళి ఒక్కొక్క వేలే విడదీసి తీసుకొచ్చాడు.

ఎన్నడూ దేనికీ కదలని కౌన్సిల్ ఈ ఒక్క పనికి మాత్రం పరుగెత్తుకొచ్చింది. ఆ వారంలోనే రంపాలు దిగాయి. నీడంతా పోయి, హాలు ఎండలో బోసిగా నిలబడింది. నేను కళల విభాగం ఆవిడ దగ్గరికి పరుగెత్తాను.

“చెట్లు పోయాయి కదండీ, ఇక తాళం తీయించండి.”

“హాలు గురించి సభలో ఎవరూ ప్రశ్న అడగలేదండీ. అడిగి ఉంటే తెరుస్తామని చెప్పాల్సి వచ్చేది,” అందావిడ. “చెట్ల వాళ్ళు రంపాలూ తాళ్ళూ పెట్టుకోవడానికి చోటు కావాలన్నారు. ఖాళీగానే ఉంది కదా అని ఇచ్చేశాం. వచ్చే ఏడాది తప్పకుండా అడగండి.”

ఆవిడను కడిగిపారేద్దామనే వెళ్ళాను. కానీ ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎవర్ని తిట్టాలో తెలిస్తే కదా తిట్టడానికి.

మాష్టారు మా గడప తొక్కడం మానేశారు. రోడ్డు మీద ఎదురైతే తల దించుకుంటారు. నేనే పలకరిస్తాను, ఆయన తప్పేముంది.

అక్కకు మాత్రం ఆ మొదటి పాదం ఉండిపోయింది. అన్నిటికీ అదే. దాహమేసినా చెట్లకు తెగులు పట్టిందయ్యా, కాలు నొప్పెట్టినా చెట్లకు తెగులు పట్టిందయ్యా. మెల్లగా పాడితే నీళ్ళట, గబగబా పాడితే బాత్రూమట. బావ కనిపెట్టి నాకు నేర్పాడు. “మీ అక్క భాష నాకు పెళ్ళైన కొత్తలో కూడా ఇంత బాగా అర్థం కాలేదు,” అని నవ్వించబోయి, మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు.

నిన్న సాయంత్రం ఆమె కోటు పక్కలు ఇంకాస్త లోపలికి కుడుతుంటే అక్క వచ్చి నా మణికట్టు పట్టుకుంది. మిషను ఆపాను. మొదటి పాదం పాడి ఆగి, నా నోటి వైపు చూసింది. రెండోది నన్ను పాడమంటోంది. నా గొంతు సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా పాడాను.

*పాటల హాలుకు తాళం పడింది, తీసేది ఎప్పుడు?*

అక్క తలూపింది, అదే, అదే అన్నట్టు. మణికట్టు వదల్లేదు. నా ముఖంలోకి చూస్తూ జవాబు కోసం నిలబడింది.